నాయనమ్మ గడప దాటిన రోజు

నా చిన్నప్పుడు, మూడో తరగతిలో ఉండగా, మా తాతయ్యను నేనే చంపానని నమ్మి తొమ్మిది రోజులు గడిపాను.

మాది నందిగాం దగ్గర పల్లె. తాతయ్యకు జీడితోట, కాస్త వరిపొలం ఉండేవి. ఆ ఏడు ఆయన కాళ్లూ మొహమూ వాచి మంచాన పడ్డాడు. మూత్రపిండాలు పాడయ్యాయని, ఉప్పు పెట్టవద్దని టెక్కలి డాక్టరు చెప్పాడట. నాయనమ్మ చప్పిడి గంజి, చప్పిడి కూర పెట్టేది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాతయ్య నన్ను దగ్గరికి పిలిచాడు.

"నోరు సప్పబడిపోనాదే అమ్మీ. ఒక్క ఎండుసేప కాల్సి ఎట్టు."

పెట్టకూడదని నాకు తెలుసు. అయినా అటక మీది కుండలోంచి ఒకటి తీసి నిప్పుల మీద కాల్చి పెట్టాను. ముల్లు కూడా వదలకుండా తిని, నా తల మీద చెయ్యి వేశాడు. మర్నాడు పొద్దున్నే పోయాడు.

ఇంటినిండా చుట్టాలు. పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆడుకోమని బయటికి పంపేశారు. నేను అన్నం ముట్టేదాన్ని కాదు. అమ్మ దిష్టి తీసింది. ఎనిమిదో రోజున నాయనమ్మ, అంత దుఃఖంలోనూ, నన్ను పెరట్లో పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏటయిందే? నాతో సెప్పు."

చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నీ తప్పు లేదని కూడా అనలేదు.

"నాకు తెల్దే అమ్మీ. తెలిసినోల్ని అడుగుదుం. రేపు టెక్కలి ఎల్దుం," అంది.

భర్త పోయిన మనిషి పెద్దకర్మ కాకుండా గడప దాటకూడదని మావాళ్ల పట్టింపు. పొద్దున్నే ఆమె నా చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. బస్సులో మా ఊరివాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

జరిగిందంతా డాక్టరుకు నా చేతే చెప్పించింది. ఆయన నవ్వలేదు.

"ఉప్పు మంచిది కాదమ్మా, అది నిజమే. కానీ మీ తాతయ్య జబ్బు బాగా ముదిరిపోయింది. ఇక రోజులేనని నెల కిందటే మీ నాయనమ్మకు చెప్పాను. ఒక్క చేపతో వచ్చిన చావు కాదు."

అంటే నాయనమ్మకు ముందే తెలుసు. తను చెబితే ఊరడింపుకు చెప్పిందనుకుంటానని, నమ్మనని, అంత దూరం తీసుకొచ్చింది.

బస్టాండు దగ్గర ఇడ్లీలు తినిపిస్తూ నెమ్మదిగా అడిగింది. "తాత ఇట్టంగా తిన్నాడేటి?"

తిన్నాడన్నాను. అప్పుడు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఊరు ఊరుకోలేదు. మొగుడు పోయి పది రోజులైనా కాకుండా టౌనుకెళ్లి తిరిగొచ్చిందని మొహం మీదే అన్నారు. మా పెద్ద మేనత్త ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. ఎందుకు వెళ్లిందో నాయనమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే నా సంగతి బయటపడుతుంది. నేను ఆ పక్కనే నిలబడి అన్నీ విన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. భయపడి ఊరుకున్నాను. పెద్దయ్యాక అందరి ముందూ చెబుదామనుకున్నాను. అప్పటికి ఆమె లేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరింట్లో చావు జరిగినా, ఏ మూలో మాట్లాడకుండా కూర్చున్న పిల్ల ఉందేమోనని ముందు చూస్తాను. ఉంటే పక్కన కూర్చుంటాను, తనంతట తాను చెప్పేదాకా లేవను. అందరూ నాది మంచి మనసంటారు. అలా అన్నప్పుడల్లా, నాకోసం మాట పడిన మనిషి పక్కన నోరు మూసుకుని నిలబడ్డ రోజులు గుర్తొచ్చి తల దించుకుంటాను.