కంది కట్టెల పొగ

మా ఆయనకు వాసన తెలియకుండా పోయింది. ఒక జ్వరం వచ్చి తగ్గింది. తగ్గినది తగ్గినట్టు ఉండక ముక్కును వెంట పట్టుకుపోయింది. మొదట్లో ఇద్దరం నవ్వుకున్నాం. మేడ్చల్ మార్కెట్ వెనక మురికికాలువ పక్కన నడిచినా హాయిగా ఉందని ఆయన జోకులేసేవారు.

ఒక పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, చూస్తూ ఉండమని చెప్పి, మేడమీద బట్టలు ఆరేయడానికి వెళ్లాను. దిగి వచ్చేసరికి ఇల్లంతా మాడుకంపు. గిన్నె నల్లబడిపోయింది. ఆయన పొయ్యికి వీపు పెట్టి కూర్చుని నింపాదిగా పేపరు చదువుకుంటున్నారు. పాలకు బదులు గ్యాస్ లీకై ఉంటే అన్న ఆలోచన రాగానే పరుగున వెళ్లి పొయ్యి కట్టేసి కిటికీలన్నీ తెరిచాను. ఆ రోజుతో నవ్వులు బంద్. పైగా ఏం వండిపెట్టినా గడ్డి నమిలినట్టు నమిలి లేచిపోయేవారు. చొక్కాలు వదులైపోయాయి.

ఘాటైనవి రోజూ వాసన చూపిస్తూ ఉండండి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నాకు ‘రావచ్చు’ ఒక్కటే వినపడింది. లవంగాలు, కర్పూరం, ఇంగువ, కాఫీపొడి చిన్న చిన్న స్టీలు డబ్బాల్లో పోసి, ఆయన్ని కళ్లు మూసుకోమని ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టేదాన్ని. “కొంచెం వస్తాంది” అనేవారు. నేను పొంగిపోయేదాన్ని. ఎందుకో ఒకరోజు అనుమానమొచ్చి ఖాళీ డబ్బా పెట్టాను.

“లవంగం” అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఇందులో ఏమీ లేదండీ. నన్నెందుకు మభ్యపెడుతున్నారు?” అని అరిచాను.

ఆయన తల వంచుకున్నారు. “రోజు గంత ఆశగ జూస్తవు. నీ మొకం జూసి లేదనబుద్ధి గాలేదు” అన్నారు.

వంటింట్లోకి వెళ్లి కసితీరా ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, ఇకమీదట రాకపోతే రాలేదనే చెప్పాలని గట్టిగా మాట తీసుకున్నాను. అసలు మీకు ఏ వాసన మళ్లీ కావాలనుంది అని కూడా అప్పుడే అడిగాను. ఇన్నాళ్లూ ఆ మాట అడగాలనే తోచలేదు.

“అమ్మ పొయ్యి మీద ఆరబెట్టిన ఒట్టి తునకలు” అన్నారు.

మా అత్తగారు మాంసాన్ని పొడవాటి పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి పొయ్యి పైన వేలాడదీసేవారట. పొగకు ఆరిన ఆ ముక్కలే ఒట్టి తునకలు. నేను కృష్ణా జిల్లా మనిషిని. మేము చేపల్ని ఎండకు పెడతామే గానీ, పొగకు పెట్టడం నాకు తెలియదు. పైగా మా కాలనీలో కట్టెల పొయ్యి పెడితే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? వెతికి వెతికి కరెంటుతో పొగ పట్టించే ఎలక్ట్రిక్ స్మోకర్ తెప్పించాను. చిన్న బీరువాలాంటి నల్ల పెట్టె అది. అడుగున కాయిల్, దాని మీద చెక్కముక్కలు వేసే ట్రే, పైన జాలీ అరలు.

“పైసలు దండుగ” అన్నారాయన. వినిపించుకోలేదు.

మొదటిసారి తీసిన ముక్కలు బూడిదరంగులో మెత్తగా ఉన్నాయి. ఆయన ఒకటి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. “గివి నువ్వు కడిగినవా?”

“కడగరా మరి? ఉప్పు పెట్టాక ఎంత నీరు ఊరిందో తెలుసా?” అన్నాను. మా వైపు ఉప్పుచేపను నాలుగు నీళ్లలో కడగనిదే చట్టిలో వెయ్యం. చెయ్యి అలా అలవాటు పడిపోయింది.

ఆయన నవ్వారు. ఎన్నాళ్లకో విన్నాను ఆ నవ్వు. “పిచ్చిదానా, కడిగి పెడితె ఉడుకుతయి గని ఎట్ల ఎండుతయే? చేతికి తడి తగులొద్దు. గప్పుడే పొగ పడ్తది” అన్నారు.

రెండోసారి కడగలేదు. ఫ్యాను కింద బాగా ఆరనిచ్చి పెట్టాను. మంచి రంగు వచ్చింది, నా నాలుకకు బ్రహ్మాండంగా ఉంది. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు నమిలారు. “లేదు” అన్నారు. పళ్లెం పక్కకు నెట్టి, “ఇగ ఇడిసిపెట్టు” అన్నారు.

“మీరు వదిలేస్తే వదిలేయండి. నేను వదలను” అన్నాను. అప్పుడు తట్టింది. పెట్టెతో పాటు వచ్చినవి ఏవో తీపివాసన చెక్కముక్కలు. “మీ అమ్మగారు పొయ్యిలో ఏం పెట్టేవారు?”

“కంది కట్టె. ఇంకేం పెడ్తరు?”

మర్నాడే స్కూటరు వేసుకుని శామీర్‌పేట వైపు పొలాల్లోకి పోయాను. ఒక బర్రెల కొట్టం పక్కన కంది కట్టెల వామి కనపడింది. కొట్టం ఊడుస్తున్న ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. “గ్యాస్ ఒడిసిందా బేటీ?”

“గ్యాస్ ఉందమ్మా. మా ఆయన ముక్కు కోసం” అని సంగతంతా చెప్పాను.

“యా అల్లా, ముక్కుకు కట్టెలా? తీస్కపో. మంచిగైతె జర మాకు గూడ తునకలు పంపు” అంది.

దుమ్ము పట్టిన ఆ కట్టెల్ని కడిగేయాలని చేతులు ఎంత లాగాయో నాకే తెలుసు. గుడ్డతో తుడిచి ఊరుకున్నాను. ఆయన కూరగాయలకు వెళ్లేదాకా ఆగి, కట్టెల్ని చిన్న చిన్న ముక్కలుగా విరిచి ట్రేలో వేశాను. పై అరల్లో మాంసం, అడుగు అరలో ఆరిన బొచ్చె చేప ముక్కలు పెట్టాను. చేప సంగతి ఆయనకు చెప్పలేదు. పెరట్లో పెట్టె ముందు స్టూలేసుకుని, తలుపు తెరిచి చూడకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన సంచీతో వచ్చి, వంటింటి గడప దగ్గర ఆగిపోయారు.

“అమ్మ పొయ్యి ముట్టిచ్చినట్టున్నదేందే?”

నేను కదల్లేదు. ఖాళీ డబ్బా గుర్తొచ్చింది. పెట్టె నుంచి పొగ పోవడం కళ్లకు కనపడుతూనే ఉంది, నన్ను సంతోషపెట్టడానికి అని ఉండొచ్చు. “అడుగున చేప కూడా పెట్టాను. అదీ తెలుస్తోందా?” అని అడిగాను.

ఆయన దగ్గరికొచ్చి, వంగి, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చారు. మళ్లీ పీల్చారు. నన్ను సంతోషపెట్టాలంటే అవుననేస్తే సరిపోయేది.

“చేప లేదు” అన్నారు. “పొగొక్కటే. కంది కట్టెది. గదొక్కటే వస్తాంది.”

చేప రాలేదన్నారు కాబట్టి పొగ వచ్చిందని నమ్మాను. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, “పొగకా?” అని అడిగారు. పొగకేనని అబద్ధం చెప్పాను.