ఇంజనుకి పోసిన అప్ప నీళ్ళు

మా వ్యానుకి థర్మోస్టాట్ నేనే మార్చాను. ఆ మాట ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది గానీ, మార్చిన సాయంత్రం మాత్రం వీధంతా వినబడేలా చెప్పుకున్నాను.

థర్మోస్టాట్ అంటే పెద్ద వస్తువేం కాదు. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను ఆపి, వేడెక్కాక రేడియేటరులోకి వదిలే చిన్న తలుపు. మా బండిలో అది బిగుసుకుపోయి తెరుచుకోవడం మానేసింది. పది కిలోమీటర్లు పోయేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేది. చేపలు తోలేటప్పుడైతే పరవాలేదు, చెట్టు కింద ఆపుకుని కూర్చుంటాను, ఐసు కరిగితే కరుగుతుంది. కానీ వారానికి రెండుసార్లు ఆ బండిలో మా అప్ప కూర్చుంటుంది.

అప్ప నాకు పెద్దక్క. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరుగుతుంటే నన్ను చంకనేసుకుని పెంచింది ఆవిడే. మా ఉద్దానంలో చాలా ఇళ్ళలో ఉన్న జబ్బే ఆవిడకీ వచ్చింది. కిడ్నీలు పాడయ్యాయి. పలాసలో పొద్దున్న తొమ్మిదింటికి డయాలసిస్. ఒకసారి వానకి రోడ్డు తెగి వెళ్ళలేకపోయాం. మర్నాటికి ముఖం ఉబ్బిపోయింది, పడుకుంటే ఊపిరి ఆడక గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ ఆయాసం చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే బండి ముల్లు కొంచెం కదిలినా నా గుండెలో రాయి పడుతుంది.

కాశీబుగ్గ మెకానిక్కు నాకు కొత్త థర్మోస్టాటూ, దాని చుట్టూ వేసే రబ్బరు రింగూ ఇచ్చి ఒక్కటే మాట చెప్పాడు. "మావా, రింగుకి ఏటీ రాయకు. పొడిగా కట్టీ."

నేను వింటేనా! నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మా నాన్న చెక్క పడవకి ఏటా జీడిపిక్కల నూనె రాసేవాడు. చెయ్యి కాలకుండా ముందు ఆముదం పట్టించుకుని, కొబ్బరి పీచుతో చెక్కల సందులన్నిటికీ పూసేవాడు. సముద్రాన్నే ఆపిన నూనె చెంబెడు ఇంజను నీళ్ళను ఆపదా అనుకున్నాను. ఇప్పుడన్నీ ఫైబరు పడవలే అయినా, ఆ నూనె డబ్బా ఒకటి మా చూరు కింద మిగిలే ఉంది. పాత రింగు తీసి, కొత్తదానికి రెండువైపులా నూనె దట్టంగా పూసి, పైన కవరు పెట్టి, ఒక బోల్టు మొత్తం బిగించేసి రెండో బోల్టు మొత్తం బిగించాను. పది నిమిషాలు ఇంజను నడిపి చూశాను. చుక్క కారలేదు. అప్పుడే వీధిలో గొప్పలు మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున్న బయల్దేరేటప్పుడు అప్ప అడిగింది. "ఒరే, నీళ్ళ డబ్బా ఎట్టినావా?"

ఇంజనుకి పోయడానికి ఇరవై లీటర్ల డబ్బా ఎప్పుడూ వెనక ఉండేది. ఆ వేళ చేపల తట్టలకి అడ్డమని నేనే దింపేశాను. అడిగేసరికి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇంక డబ్బా ఎందుకప్పా? నా పని మీద నమ్మకం నేదా నీకు?"

"నీ మీద ఉన్నాది గాని, బండి మీదే నేదు," అని నవ్వి ఎక్కి కూర్చుంది. ఒళ్ళో తన సీసా పెట్టుకుంది. అందులో అర లీటరు నీళ్ళు. డాక్టరు ఆవిడకి రోజు మొత్తానికి అంతే తాగమన్నారు. గుక్కగుక్కకీ సీసా ఎత్తి ఎంత తగ్గిందో చూసుకునేది.

బండి కదిలాక అద్దంలో చూశాను. అప్పటిదాకా బండి నిలిచి ఉన్న చోట ఇసకలో రూపాయి బిళ్ళంత తడి. నిన్న ఒలికిందేలే అని నాకు నేనే చెప్పుకున్నాను. నిన్న ఒలికింది తెల్లారేదాకా ఇసకలో ఉంటుందా? ఉండదని నాకు తెలుసు. దిగి చూస్తే అప్పకి దొరికిపోతాను. దిగలేదు.

అక్కణ్ణించి నేను రోడ్డు చూసిందానికంటే ముల్లునే ఎక్కువ చూశాను. కొబ్బరితోటలు దాటేదాకా నడిమిలో ఉంది. జీడితోటలు మొదలయ్యేసరికి కదిలింది. హీటరు పూర్తిగా తిప్పాను. అలా చేస్తే ఇంజను వేడి కొంత బయటికొస్తుంది. ఆ వడగాలి అప్ప ముఖానికి కొట్టింది. ఆవిడ కొంగుతో చెమట తుడుచుకుంది. ఇంకో రెండు మైళ్ళకి ముల్లు ఎర్రగీతని ముట్టుకుంది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఆపక తప్పలేదు.

చుట్టూ జీడిచెట్లు తప్ప ఇల్లూ లేదు, పంపూ లేదు. వేళ ఎనిమిదింపావు. వంగి చూస్తే నేను కట్టిన చోటునుంచే ధారగా కారుతోంది. ఒళ్ళుమండి టైరుని కాలితో తన్నాను.

"టైరేటి సేసినాదిరా నిన్ను?" అంది అప్ప కిటికీలోంచి.

మరుగుతున్నప్పుడు రేడియేటరు మూత తీస్తే ముఖం కాలిపోతుంది, చల్లారేదాకా ఆగాలి. ఆ పావుగంటలో రోడ్డు మీద ఒక్క బండీ రాలేదు. తొమ్మిది దాటితే అప్ప మంచం వెనకవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ ఉబ్బిన ముఖం, ఆ ఆయాసం మళ్ళీ కళ్ళముందు నిలిచాయి. భయపడ్డాను, దాచుకోవడం ఎందుకు.

గుడ్డ వేసి మూత తీశాను. లోపల నీళ్ళు కనబడలేదు. వెనక్కి తిరిగేసరికి అప్ప దిగి నిలబడి ఉంది, సీసా చాపి.

"పొయ్యి."

"వద్దప్పా. పొద్దుపోయేదాకా నీకు ఇవే నీళ్ళు."

"ఒరే, ఒక్క పూట నోరెండిపోతే నాను సచ్చిపోను. తొమ్మిదికి అక్కడికి ఎల్లకపోతే సచ్చిపోతాను. పొయ్యి!"

ఇంజను తిప్పి, కొంచెం కొంచెంగా పోశాను. ఆఖరి చుక్కదాకా పోశాను. ఆవిడ నీళ్ళు గుటగుటమని లోపలికి పోతుంటే ఆ శబ్దం వినలేక తల పక్కకి తిప్పుకున్నాను.

నత్తనడకన పోయి పెద్దరోడ్డు టీ బడ్డీ దగ్గర పంపు పట్టుకున్నాం. అక్కడ నిండా పోసుకుని, దారిలో మరోసారి ఆగి నింపి, తొమ్మిదీ పదికి చేరాం. అప్ప మంచం మీద ఇంకొకరిని కూర్చోబెట్టబోతున్నారు. నర్సమ్మ మమ్మల్ని చూసి తిట్టి, తిడుతూనే అప్పని లోపలికి తీసుకెళ్ళింది.

అప్పను మిషను మీద పెట్టాక బండిని కాశీబుగ్గ తోలాను. మెకానిక్కు కవరు విప్పి రింగు బయటికి లాగాడు. నానబెట్టిన సెనగలా ఉబ్బి, ఒకవైపు నలిగి ఉంది. వాసన చూశాడు. పలాసలో జీడినూనె వాసన తెలియనివాడెవడు?

"ఓలమ్మో! మావా, పడవకి రాసీది ఇంజనుకి రాసీసినావా? నూనె తగిల్తే రబ్బరు ఉబ్బిపోద్ది. పైగా ఇవి మరిగీ నీళ్ళు, సముద్రం కాదు!" అని షెడ్డంతా వినబడేలా నవ్వాడు. నవ్వనీ. నాకు తగిన శాస్తే.

కవరుకీ, అది కూర్చునే చోటికీ అంటిన జిడ్డంతా బ్లేడుతో గీకి తుడిచాం. కొత్త రింగు పొడిగా పెట్టాడు. రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాడు. ఒకటి ముందే బిగిస్తే కవరు ఓరగా కూర్చుంటుందట. కూలెంట్ పోసి, మూత తెరిచే ఉంచి, బుడగలు రావడం ఆగేదాకా ఇంజను తిప్పాడు. ఫ్యాను తిరిగాక కింద అట్టముక్క పరిచి అరగంట కూర్చున్నాం. అట్ట పొడిగానే ఉంది. అయినా నేను నాలుగుసార్లు వేలు పెట్టి చూశాను.

మధ్యాహ్నం అప్ప బయటికి వచ్చింది. ముఖం పీక్కుపోయింది, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"మిషనెక్కించీ ముందు బరువు సూసినారు. ఈసారి తక్కువున్నాదట. నీళ్ళు బాగా కట్టడి సేసినావమ్మా అని నర్సమ్మ మెచ్చుకున్నాదిరా!"

"నువ్వేటన్నావు?"

"మా తమ్ముడు సేయించినాడని సెప్పినాను."

నాకు నవ్వు రాలేదు. వస్తూ కొన్న అర లీటరు సీసా ఆవిడ చేతిలో పెట్టాను. మూత తీసి ఒక్క గుక్క తీసుకుని, వెంటనే మింగకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. తర్వాత సీసా ఎత్తి ఎంత తగ్గిందో చూసుకుంది.

నేను బండి తీశాను. ముల్లు నడిమిలోనే ఉంది, ఇంటిదాకా కదల్లేదు. నేనే దారంతా ఏడుస్తూ నడిపాను.