మా నాయనమ్మ ఇల్లు చూసిన రోజు

"చూసినవా?" అని అడిగింది మా నాయనమ్మ.

"చూసిన," అన్నాను నేను.

లాల్‌దర్వాజా ఇంట్లో మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత గడప దాటేశాం. మళ్ళీ ఆ ఇంట్లో కాలు పెట్టలేదు.

ఇది నా చిన్నప్పటి సంగతి, రాసుకో బిడ్డా. నాకప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉంటాయి. మా బాపు బస్సు డిపోలో పనిచేసేవాడు. సింహమెక్కిన అమ్మవారి గుడి వెనక గల్లీలో ఒక పాత ఇంటి వెనక భాగం మాకు కిరాయికి ఉండేది. బాపు పుట్టకముందు నుంచీ మావాళ్ళు అక్కడే ఉన్నారు. నాయనమ్మ కోడలిగా అడుగుపెట్టింది ఆ ఇంట్లోనే, తాతయ్య కన్నుమూసింది ఆ ఇంట్లోనే. ఆమె కండ్లలో పువ్వులు పడి చూపు పోయింది కూడా ఆ ఇంట్లోనే. అయినా కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ సంగతి చప్పున తెలిసేది కాదు. బియ్యం చెరిగేది, పాలు పొంగకముందే దించేది, వాకిట్లో నాచు పట్టిన బండను తప్పించి నడిచేది. పైగా చేత్తో ఏది తడిమినా 'చూసిన' అనేది. కొత్త చీర చేతికిస్తే అంచు వేళ్ళతో నలిపి, "చూసిన, మంచిగున్నది" అనేది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. "చూసినవా? అయితే ఏం రంగు?" అని ఏడిపిస్తే, "నీ నాలుక రంగే. లోపల పెట్టుకో," అనేది.

ఇంటాయన పోయాక ఆయన కొడుకులు ఇల్లు అమ్ముకున్నారు. మమ్మల్ని ఖాళీ చేయమన్నారు. బాపు బహదూర్‌పురాలో వేరే ఇల్లు మాట్లాడి వచ్చాడు. అన్నం తింటున్నప్పుడు మెల్లగా సంగతి బయటపెట్టాడు. ఆ ఇంటి వాకిట్లో నేలకు సమంగా నీళ్ళ హౌజు ఉందట, దానికి మూత లేదట. వంటింట్లోకి మెట్లు దిగాలట.

"నువ్వు అక్క దగ్గరికి పో అవ్వా. గా ఇల్లు నీకు తెల్వది. యాడన్న పడితే ఏం జెయ్యాలె?" అన్నాడు నాయనమ్మతో.

మా మేనత్త వాళ్ళ ఊరు చాలా దూరం. నాయనమ్మ చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. "ఈ ఇంటికి వచ్చిననాడు ఇది మాత్రం తెలుసా కొడుకా? ఒక్కపారి చూడనియ్యి. చూసినంక పడితే పంపియ్యి, నేనేమనను," అంది. బాపు సరే అనలేదు, కాదనలేదు. ఆమె బట్టల మూట మాత్రం విడిగా కట్టమని అమ్మతో చెప్పాడు. ఆ మూట చూసినప్పుడల్లా దాన్ని ఎక్కడన్నా దాచేయాలనిపించేది. నేను ఆమె పక్కన తప్ప పడుకొని ఎరుగను.

సామాను బండికెక్కించిన రోజు ఇల్లంతా బోసిపోయింది. మసి గోడలు, మేకులు, పెచ్చులూడిన సున్నం. ఇన్నాళ్ళూ ఇందులోనా ఉన్నాం అనిపించింది. అప్పుడు నాయనమ్మ నన్ను పిలిచి, "కండ్లు మూస్కో. నా కొంగు పట్టుకో. చెయ్యి గోడ మీద పెట్టు," అంది.

మొదలు వంటింటి గోడ. పొద్దున్నే పొయ్యి ఆర్పేసినా అది ఇంకా వెచ్చగానే ఉంది, పడుకున్న మనిషి వీపులాగా. ఆ తర్వాత కడవ పెట్టే చోటు. బండ అరిగి గుంటపడి, చల్లగా తగిలింది. ముందు గదిలో ఒకచోట గోడ నున్నగా జారింది. తాతయ్య ఆనుకొని కూర్చునే తావట. ఆయన తల నూనె తాగి తాగి అట్లా అయిందట. కింద, నా మోకాళ్ళ ఎత్తులో, వేలికి చిన్న చిన్న గుంటలు దొరికాయి.

"గీడ మీ బాపు గోడ తిన్నడు," అంది నాయనమ్మ. "సున్నం గోకి గోకి తిన్నడు. వీపు పగలగొట్టినా మానకపాయె."

డిపోలో అందరూ భయపడే మా బాపు గోడ తిన్నాడంటే కండ్లు మూసుకునే పకపకా నవ్వాను. ఆయన బయట బండి దగ్గర తాళ్ళు బిగిస్తున్నాడు.

గది నడుమకు వచ్చాక ఆమె ఆగింది. కొంగు నా చేతిలోంచి లాగేసుకుంది. "గిప్పుడు చూడు," అంది. ఏమీ ముట్టుకోకుండా నిలబడ్డాను. ఎట్లా చెప్పేది బిడ్డా, నాకు ఆ గది మొత్తం కనబడింది. గోడ ఎంత దూరంలో ఉందో, కిటికీలోంచి గాలి ఎటు పోతోందో, గుడి గంట చప్పుడు ఏ మూలన తగిలి తిరిగి వస్తోందో, అన్నీ తెలిశాయి. అన్నేళ్ళు కండ్లు తెరుచుకొని తిరిగిన ఇంటిని ఆ రోజే మొదటిసారి చూశాను.

వాకిట్లోంచి అమ్మ పిలిచింది. "గడపకు మొక్కి, పోయొస్తనని చెప్పు అత్తమ్మా."

"మల్ల రాని ఇంటికి పోయొస్తనని అబద్ధమెట్ల చెప్త?" అంటూ నాయనమ్మ వంగి గడపను నిమిరింది. నాకు ఏడుపు ఆగలేదు. ఈ ఇల్లు మనది కాదా అని అడిగాను.

"ఇల్లు ఇంటాయనదే. చూసింది మనది. దాన్ని ఎవడొచ్చి ఖాళీ చేయిస్తడు?" అంది. ఆ తర్వాతే అడిగింది, చూసినవా అని.

బహదూర్‌పురా ఇంటి ముందు బాపు చెయ్యి పట్టబోతే తోసేసింది. "జర ఆగు. నన్ను చూడనియ్యి." సామాను దించేవాళ్ళు కూడా పని ఆపి నిలబడ్డారు. కుడి చేతి గోడ పట్టుకొని బయలుదేరింది. నాలుగడుగులు వేసిందో లేదో, తెరిచి ఉన్న కిటికీ తలుపు నుదుటికి ఠపీమని కొట్టుకుంది. "నేన్ చెప్పలేదానే అవ్వా!" అని బాపు ఉరికాడు.

"లొల్లి చేయకు. గీ తలుపుకు తొందరెక్కువ, ముందుగాల్నే పలకరించింది," అని నుదురు రుద్దుకుంటూ సాగిపోయింది.

హౌజు దగ్గరికి రాగానే నేల మీద కూర్చుంది. కూర్చునే జరుగుతూ అంచంతా చేత్తో తడిమింది, నీళ్ళలో చెయ్యి ముంచి వాసన చూసింది. ఆ తర్వాత లేచి, కొంగు దోపుకొని, హౌజు పక్కనుంచి అటు నడిచింది, ఇటు నడిచింది. పొద్దు వాలేదాకా అదే పని.

అప్పుడు వినబడింది ఒక గాండ్రింపు.

"ఏందే అది?"

"గీ పక్కన జూ పార్కు ఉన్నది గదా, అండ్ల సింహమంట నాయనమ్మా."

ఆమె ముఖం అటు తిప్పి చాలాసేపు విన్నది. రెండు చేతులు జోడించింది. "అమ్మవారు గంట ఆడ ఉంచుకొని, వాహనాన్ని ఈడికి తోలింది. దిక్కు దొరికింది, ఇగ ఫికర్ లేదు," అంది. అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు.

ఆమె మెట్లు దిగి వంటింట్లోకి పోయింది. చాయ్ పెట్టి, గ్లాసు పట్టుకొని, మెట్లెక్కి, హౌజు పక్కనుంచి వచ్చి బాపు చేతికి ఇచ్చింది. చుక్క ఒలకలేదు. బాపు తాగాడు. లేచి, విడిగా కట్టిన మూట తానే విప్పి, ఆమె చీరలు ఒక్కొక్కటి తీసి దండెం మీద వేశాడు. మేనత్త ఊరి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత నేను ఎన్ని కిరాయి ఇండ్లు మారానో. మీ తాత పోయాక, మేం కాపురమున్న ఇల్లు విడిచే రోజు అందరినీ బయటికి పొమ్మని కండ్లు మూసుకున్నాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఒక చేత్తో గోడ పట్టుకొని చెప్పులు విడిచేవాడు. ఆ చోటు నా చేతికి దొరికింది. అది నా దగ్గరే ఉంది, ఎవరూ అడగడానికి లేదు.

మొదట్లో ఎక్కడో మా నాయనమ్మకు చూపు పోయిందని చెప్పినట్టున్నాను. ఆ మాట ఉంచాల్నో కొట్టెయ్యాల్నో ఇప్పుడు నాకే తెలుస్తలేదు. మొదటి నుంచి చదువు బిడ్డా, నిదానంగా. విని చెప్త.