నేను కొలవని ఒక్క రంధ్రం

పోయిన మంగళవారం మా ఊరి లైబ్రరీలో, రిటైరైనవాళ్ళ కోసం పెట్టిన చెక్కపని క్లాసులో, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడైన మాస్టారు నా పలక మీద పెన్సిలుతో ఒక గీత గీసి, ఇక్కణ్ణించి ఉలి పట్టమని చెప్పి పక్క బల్ల వైపు తిరిగాడో లేదో, నా చెయ్యి నన్నడక్కుండానే చొక్కా జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు తీసి ఆ గీతను కొలిచేసింది. గీత సరిగ్గానే ఉంది. ఆయన చూసి చిన్నబుచ్చుకున్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే, ఆ జబ్బు మీకెప్పుడు పట్టుకుందో నాకు తెలియదా అని తన పనిలో పడిపోయింది.

డెబ్బైల చివర మేం డెట్రాయిట్ పక్కన కాపురం పెట్టినప్పుడు, నాది కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం. పదిమంది చేసిన పనిని మైక్రోమీటరుతో కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపడమే నా పని. ఆ రోజుల్లో ఆ చలిలోకి వచ్చిపడిన మనవాళ్ళకి శనివారాలు ఎంత పొడుగ్గా ఉండేవో నేను చెప్పక్కర్లేదు. అలాంటి ఒక శనివారం, మా టూల్‌రూమ్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన నన్ను తన గరాజ్‌కి పిలిచి, తాను చేతితో చేసిన పాతకాలపు చెకుముకి తుపాకీ చూపించాడు. నున్నటి మేపుల్ కర్ర, నల్లటి గొట్టం, చెకుముకి రాయిని పళ్ళ మధ్య బిగించుకున్న సుత్తి. చూస్తూనే పడిపోయాను. మూడు నెలలు తిరక్కుండా అలాంటి తుపాకీ విడిభాగాలున్న ఒక కిట్ పోస్టులో తెప్పించుకున్నాను, ఆయన నాకు గురువైపోయాడు.

ఆ తుపాకీ సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సుత్తిలోని రాయి ఉక్కుకు రాసుకుని నిప్పురవ్వలు రాలితే, గొట్టం పక్కనున్న చిన్న పళ్ళెంలోని మందు భగ్గుమంటుంది. ఆ మంట గొట్టానికి పెట్టిన సన్నటి రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును అంటించాలి. మన పాతవాళ్ళు ఆ పళ్ళెంలో మందును రంజకమని, ఆ రంధ్రాన్ని చెవి అని అనేవారట. తుపాకీ అంతా ఒక ఎత్తు, ఆ చెవి ఒక్కటీ ఒక ఎత్తు. పళ్ళేనికి సరిగ్గా నడుమన ఉండాలి, లోపల గొట్టం అడుగును మూసే బిరడా కంటే కాస్త మూతి వైపుకి ఉండాలి. అది నేను చెయ్యకూడదనుకున్నాను. విజయదశమి నాడు తుపాకీకి పసుపు, కుంకుమ పెట్టి, రెండు చేతులతో ఆయనకి అందించి, మీ చేత్తోనే పెట్టండని అడిగాను. మా ఆవిడ అరటిపళ్ళూ కొత్త తువ్వాలూ పెట్టి తాంబూలం ఇచ్చింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మురిసిపోయాడు. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. బయటినించి చూస్తే చెవి పళ్ళెం నడుమన ముచ్చటగా కుదిరింది. జేబులో స్కేలుంది, తీయలేదు. గురువు చేసినదాన్ని అక్కడే కొలుస్తామా?

ఆ తరవాత మొదలైంది నా అవస్థ. పళ్ళెంలో మంట లేస్తుంది, గొట్టం నింపాదిగా ఆలోచించుకుని పేలుతుంది. ఒక్కోసారి అసలు పేలదు. రాళ్ళు మార్చాను, మందు మార్చాను, రంజకం తగ్గించాను, పెంచాను. నెల తిరక్కుండా ఆయన దగ్గరికే తీసుకెళ్ళాను. ఆయన మందు కూరే కర్రను ఖాళీ గొట్టంలోకి దింపి, మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పట్టుకుని, కర్ర బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి, కాసేపు చూశాడు. తరవాత కర్రను దాని చోట దూర్చేసి, తుపాకీకేం లేదు, మంట చూడగానే నువ్వు ఉలిక్కిపడుతున్నావు, చెయ్యి నిలవడం లేదు అన్నాడు.

నమ్మాను. రెండేళ్ళు నమ్మాను. నిప్పులేని తుపాకీతో బేస్‌మెంట్‌లో గోడకి గురిపెట్టి నిలబడటం సాధన చేశాను. ఉద్యోగంలో కూడా నా చేతి మీద నాకే అనుమానం వచ్చి, నేను చూసిన కొలతను పక్కవాణ్ణి ఇంకోసారి చూడమనేవాణ్ణి. మా సూపర్‌వైజర్ అది గమనించి, నీ కళ్ళు బాగానే ఉన్నాయా అని అడిగాడు. రెండో ఏడు మా పాతకాలపు తుపాకుల క్లబ్బు పోటీకి ఐదుగురి జట్టు రాస్తున్నప్పుడు, అందరి ముందూ నా పేరు కొట్టేసింది పెద్దాయనే. మంచివాడే గాని, తుపాకుల మధ్య పెరిగినవాడు కాదు, ఆ భయం పోదు అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను, సిగ్గు లేకుండా.

ఆ మర్నాడు తుపాకీ అమ్మేద్దామని బేస్‌మెంట్‌లో తుడుస్తున్నాను. చెవిలో మసి దులుపుదామని మా ఆవిడ చేతి గాజుకున్న పిన్నీసు అడిగితే, నేనే చేస్తానని కూచుంది. చెవిలోకి తోస్తూ ఆగింది.

"ఏమండీ, ఇది సగం దారిలోనే గోడకి తగులుతోందేవిటి? ముందుకి వంచితేగాని పోవట్లేదు."

మందు కూరే కర్రను గొట్టంలోకి దింపాను. బొటనవేలితో గుర్తు పట్టుకున్నాను. బయటికి తీసి పక్కన ఆనించాను. కర్ర కొస చెవి నడుమకి వచ్చి ఆగింది. కర్ర లోపల ఆగేది బిరడా దగ్గరే, అంటే చెవిలో సగం బిరడా వెనక్కి పడి మూసుకుపోయి ఉంది. ఇలా కర్ర ఆనించి చూడటం నేనెవరి దగ్గర చూశానో అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకి మొదటి నెలలోనే తెలుసు.

శనివారం గరాజ్‌కి వెళ్ళి, మాట లేకుండా ఆయన ముందు అదే చేసి చూపించాను. నేనిచ్చిన తువ్వాలు నూనెమరకలతో బల్లకి వేలాడుతోంది. దాంతోనే చేతులు తుడుచుకున్నాడు, చాలాసేపు.

"కొలిచే ఉద్యోగం నీది కదా," అన్నాడు చివరికి. "ఎందుకు కొలవలేదు?"

తుపాకీ తీసుకుని వచ్చేశాను. బిరడా విప్పి, చెవికి ఎదురుగా దాని ముఖం మీద ఆకురాయితో చిన్న కాలువ తీశాను. పట్టుమని పావుగంట పని కూడా కాదు. ఆ వారమే ఊరవతల ఒక మిత్రుడి పొలంలో పేల్చి చూశాను. మంటా మోతా ఒక్కసారే వచ్చాయి. చెయ్యి కదలలేదు. వరసగా ఐదు కాల్చాను, ఐదూ అరచేతంత చోటులో పడ్డాయి. సంతోషించాల్సినవాణ్ణి, ఆ మంచులో కూలబడి ఏడ్చాను. తప్పు చేశానని ఒక్కమాట అని ఉంటే, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి ఆ పావుగంట పనీ నేనే చేసుకునేవాణ్ణి. ఆయనకి తన చేతి పేరు కావాలి. దానికోసం నా చేతి పేరు చెడగొట్టాడు. పోయాడని కొన్నేళ్ళ తరవాత ఎవరో చెప్పారు. వెళ్ళలేదు.

ఇప్పుడు లేజరు వెలుగు పెడితే రంధ్రం ఎక్కడుందో తెర మీద కనిపిస్తుంది. ఎవరి చేతినీ ఎవరూ నమ్మక్కర్లేదు, ఎవరూ నొచ్చుకోరు. మంచిదే అనుకుంటాను. కానీ ఆ శనివారం తరవాత నేనెవరి దగ్గరా ఏదీ నేర్చుకోలేదు. కంప్యూటరు వాడటం కూడా పుస్తకం చూసి నేర్చుకున్నాను. ఈ వయసులో మొదటిసారి ఒక మాస్టారి ముందు కూర్చుంటే, ఏ పాపమూ తెలియని ఆ మనిషి గీసిన గీతను కొలిచాను. పెద్దాయన నా దగ్గర పాడుచేసింది రెండేళ్ళూ ఒక తుపాకీ మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

రేపు మళ్ళీ మంగళవారం. స్కేలు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాలని పొద్దున్న తీసి బల్ల మీద పెట్టాను. సాయంత్రం చూసుకుంటే జేబులోనే ఉంది.