వాలు లేని వేదిక

లారీ వెనక నాకు దొరికిన చోటు ఒక మెట్ల వరస మీద. ఎక్కడికీ చేర్చని మెట్లవి. ఎక్కితే చివర చిన్న అరుగు, ఆ వెనక ఉత్త గాలి. బస్సు కోసం నిలబడి నిలబడి విసిగి, టైరు మార్చుకుంటూ ఆగిన ఆ లారీవాణ్ణి బతిమాలుకుని ఎక్కాను. అరుగు పట్టుకుని కూర్చున్న మనిషి నాటకాలకు సెట్లు కట్టే వడ్రంగి. బృందంలో ఆయన్ని మెట్లాయన అంటారట. మధ్యాహ్నం ఆటకి మిగతావాళ్ళంతా ముందే వెళ్ళిపోయారు. టైరు చేసిన ఆలస్యానికి ఆయన క్షణానికోసారి ఎండకేసి చూసుకుంటున్నాడు.

నాకు నోరు ఊరుకోదు. తిరిగిన ఊళ్ళలో చూసిన ఆటలూ, పుస్తకాల్లో నమిలిన సిద్ధాంతాలూ కలిపి, ప్రహసనమంటే ఏమిటో, విషాదాంతమంటే ఏమిటో ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా కాసేపు విని తన లెక్క చెప్పాడు.

"నవ్వించే నాటకమైతే తలుపులు అడుగుతారండి. ఒకడు ఇటు దూరాలి, ఇంకోడు అటు తేలాలి. ఏడిపించేదైతే మెట్లు అడుగుతారు. పడడానికి ఎత్తు కావాలిగా."

ఆ చివరి మాటకి తనే నాలుక కరుచుకున్నాడు.

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. బృందంలో ముఖ్య నటి ఆయన సొంత అక్క. కిందటి నాటకంలో ఆయన కట్టిన మెట్టే ఆమె కాలికింద విరిగింది. మోకాలు పోయింది, ఇద్దరి మధ్యా మాటలూ పోయాయి. ఆయనకి మెట్లాయనన్న పేరు మాత్రం మిగిలింది. ఈ నాటకం రిహార్సళ్ళలో ఆమె మెట్ల పక్కన నేల మీదే నిలబడి చివరి రంగం అప్పజెప్పేది. ఇవాళ మాత్రం ఎక్కుతానని దర్శకుడికి కబురు చేసింది.

"ఈసారి పడిందంటే నాకిక అక్క లేనట్టేనండి," అన్నాడు.

హాలు చేరేసరికి జనం లోపలికి వస్తున్నారు. మెట్లు దించారు, రెండు పక్కలా రంగు గుడ్డ గోడలు బిగించి మేకులు కొట్టేశారు. అరుగు మీద ఎవరో పెట్టిన రంగు డబ్బా తనంతట తనే దొర్లుకుంటూ వెనక్కి వెళ్ళి కింద పడింది. మెట్లాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

తప్పు ఎక్కడిదో అందరికీ ఒకేసారి తట్టింది. వాళ్ళ హాల్లో వేదిక ప్రేక్షకుల వైపు వాలుగా ఉంటుంది. అందుకని ఏది కట్టినా ముందు కాళ్ళు పొడుగు, వెనక కాళ్ళు పొట్టి. ఆ అలవాటు కొలతే ఇక్కడికీ వచ్చింది. ఇక్కడి వేదిక బల్లపరుపు. మెట్లన్నీ వెనక్కి ఒరిగాయి.

"మన వేదికని కూడా లారీలో వేసుకు రావలసింది," అన్నాడు దర్శకుడు. ఊడదీసి కొయ్యడానికి వేళ లేదు. తెర లేస్తే మొదటి రంగం నుంచీ ఆ మెట్లు కనపడాలి.

అక్క కుంటుకుంటూ వచ్చింది. మొదటి మెట్టు మీద పాదం ఆనించి చూసి తీసేసింది.

"వంకరగా ఉందక్కా. తప్పు నాదే. ఎక్కొద్దు," అన్నాడు.

ఆమె ఆ మెట్లనే చూస్తూ ఉండిపోయింది. "కింద నువ్వుంటావా?"

"ఉంటాను."

"చివరిదాకా?"

ఆయన వెంటనే మెట్ల వెనక కాళ్ళ కింద చెక్క ముక్కలు కుక్కి, అరుగు కిందికి దూరి, వీపు దానికి ఆనించి వంగి కూర్చున్నాడు.

నేను మెట్ల వెనక పక్కగా తెరచాటులో నిలబడ్డాను. అక్కడి నుంచి పైనా కిందా రెండూ కనపడతాయి. మొదటి రంగంలో నౌకరు వేషగాడు జనాన్ని నవ్విస్తూ మెట్లెక్కి దిగాడు. ఆ అదురుకి ఒక చెక్క ముక్క జారి నా కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది. దాన్ని తిరిగి లోపలికి తొయ్యబోయేంతలో ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పటికే ఆ అరుగు కాలి బరువు భుజానికెత్తుకున్నాడు. కదిలితే మొత్తం కదులుతుంది.

చివరి రంగం. దీపాలన్నీ ఆరి, మెట్ల మీద ఒక్కటే వెలుగు. అక్క ఎక్కుతోంది. సగంలో ఆగిపోయింది. ఆ ఆగడం నాటకంలో లేదు. దర్శకుడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. హాల్లో దగ్గు కూడా లేదు, నటన అనుకుంటున్నారు. కింద ఆయన మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఆమె కళ్ళు మూసుకుని మళ్ళీ పాదం ఎత్తింది. అరుగు చేరి, గాలికి వీపు పెట్టి, జనం వైపు తిరిగింది. ఆమె మాటలేవీ నా చెవికెక్కలేదు. నా కళ్ళు ఆ భుజం మీదే ఉన్నాయి.

తెర పడింది. ఎవరి చెయ్యీ అందుకోకుండా ఆమె దిగింది. ఆయన పాక్కుంటూ బయటికొచ్చాడు. భుజం మీద చొక్కా చిరిగి, చర్మం కందిపోయి ఉంది.

"రేపటి ఆటకి మెట్ల కాళ్ళు సరిచెయ్యి," అంది అక్క. "రేపు మాత్రం కింద కూర్చోకురా. నీ రొప్పు నాకు పైకి వినిపించింది. సగంలో మాట మరిచిపోయాను."

ఆయన నవ్వబోయాడు, అది నవ్వు దాకా రాలేదు. చేతి వెనకతో ముఖం తుడుచుకున్నాడు. నేను పలకరిద్దామని అడుగు వేశాను. నన్ను దాటుకుని, నేనక్కడ ఉన్న సంగతే పట్టనట్టు, గుడ్డ గోడల మేకులు పీకడానికి వెళ్ళిపోయాడు.