చివరి పేజీలు లేని నవల

మా అత్తయ్య పోయారు. పోయిన నెలలో ఒక ఆదివారం, చర్చికి వెళ్లినవాళ్లు ఇంకా ఇంటికి రాకముందే, మజ్జిగ అడిగి, సగం గ్లాసు తాగి, మంచం మీదే కన్ను మూశారు. పాస్టరుగారు మైకులో "ప్రభువునందు నిద్రించారు" అని చెప్పారు. ఆ నిద్ర అన్న మాట వినగానే నాకు ఆవిడ మీద కొంచెం అసూయ కలిగింది. ఏమీ అనుకోకండి. నేను సరిగ్గా నిద్రపోయి చాలా కాలమైంది.

జ్ఞాపకార్థ కూడికలో అందరూ ఆవిడ గురించి మంచి మాటలే చెప్పారు. మిషను బళ్లో ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన టీచరమ్మ అన్నారు, ప్రార్థన మానని భక్తురాలు అన్నారు. అన్నీ నిజాలే. నన్నూ మాట్లాడమన్నారు గానీ, లేచి నిలబడే ఓపిక లేక చేతులు జోడించి ఊరుకున్నాను. అక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటి మిగిలిపోయింది. అది ఇక్కడ చెబుతాను. మా అత్తయ్యకు డిటెక్టివు నవలల పిచ్చి. దయ్యాల నవలలంటే ఇంకా పిచ్చి.

నేను కాపరానికి వచ్చేసరికి కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఎరుపు పక్కన, బోర్లించిన బకెట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని ఆవిడ చదువుకుంటున్నారు. కాఫీ తీసుకెళ్లాను. గ్లాసు అందుకుంటూ, తలెత్తకుండానే, "హత్యలు చదువుతావా అమ్మాయ్?" అన్నారు. వంట వచ్చా, పాటలు వచ్చా అని అడుగుతారేమోనని జవాబులు సిద్ధం చేసుకుని వచ్చినదాన్ని. "చదువుతానండీ" అన్నాను. "అయితే బతికిపోయాం. మనింట్లో మగాళ్లకి మిర్చి రేటు తప్ప ఇంకో సస్పెన్స్ లేదు" అన్నారు. అలా కుదిరింది మా ఇద్దరికీ.

ఆవిడ అభిప్రాయాలకు మొహమాటం ఉండేది కాదు. హంతకుడికి మొదటి సగంలో ఒక్కసారైనా ఎవరో ఒకరు కాఫీ ఇచ్చి ఉండాలి అనేది ఆవిడ పెట్టిన నియమం. ఆఖర్లో ఎక్కడో బస్సు దిగి వచ్చినవాడు హంతకుడని తేలితే పుస్తకాన్ని మంచం మీదికి విసిరేసేవారు. "మనం ఎరగనోణ్ణి పట్టుకొచ్చి వీడే అంటే ఎట్టా ఒప్పుకుంటాం? పరీక్షలో పాఠంలో లేని ప్రశ్న ఇచ్చినట్టు." డిటెక్టివు పక్కనుండే అసిస్టెంటు ప్రతిదానికీ నోరు తెరిచి ఆశ్చర్యపోతుంటే ఆవిడకు ఒళ్లు మండేది. "పక్కనోణ్ణి మొద్దు చేస్తేగానీ ఈయన తెలివైనోడు కాలేడా? మేం బళ్లో ఫస్టు ర్యాంకు ఇట్టా ఇవ్వలేదమ్మా."

దయ్యాల మీద ఇంకా పెద్ద ఫిర్యాదులు ఉండేవి. "ఎప్పుడు చూసినా పాడుబడ్డ బంగళాలో తెల్లచీర. మన కళ్లంలోకి రమ్మను చూద్దాం. ఆ ఘాటుకి తుమ్మి తుమ్మి మళ్లా చచ్చిద్ది." ఒకసారి పాస్టరుగారు ఇంటికి వస్తే, అట్ట మీద పుర్రె బొమ్మ ఉన్న పుస్తకాన్ని దాచలేదు సరికదా, "కూర్చోండి పాస్టరుగారూ, ఇంకో రెండు పేజీల్లో దయ్యం వదిలిపోయేటట్టుంది. అప్పుడు ప్రార్థన చేసుకుందాం" అన్నారు. పాస్టరుగారు బుద్ధిగా కూర్చున్నారు. పోయేటప్పుడు "వదిలిందా అమ్మా?" అని కూడా అడిగి వెళ్లారు.

భయం వెయ్యదా అని అడిగితే ఆవిడ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఏడు నల్లి పురుగు పడి మా మిరపతోట మొత్తం ముడుచుకుపోయింది. ఇంట్లో అందరూ అప్పుల లెక్కలు వేసుకుంటున్నారు. ఆవిడ మాత్రం దయ్యాల నవల పట్టుకుని కూర్చున్నారు. "ఈ భయం పుస్తకంలో ఉంటదమ్మాయ్. మూసేస్తే మూసుకునిద్ది. తోటని మూసెయ్యలేంగా" అన్నారు. నేనూ ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ భుజం మీదుగా అదే పేజీ చదవడం మొదలుపెట్టాను.

మా ఇద్దరి మధ్య తెగని తగువు ఒక్కటే. చిలకలూరిపేటలో అద్దె పుస్తకాల కొట్టు ఎత్తేస్తుంటే అక్కడ చవగ్గా తెచ్చుకున్న నవల అది. పేరెందుకు లెండి. మంచాన పడ్డ పొగాకు వ్యాపారి ఒకాయన్ని పాలల్లో విషం కలిపి చంపుతారు. అనుమానం ముగ్గురి మీద. తమ్ముడు, ఇంటికి వచ్చే డాక్టరు, ముసలాయనకు చాకిరీ చేసే కోడలు. ఇన్‌స్పెక్టరు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి తలుపు వేస్తాడు. అంతే, అక్కడితో పుస్తకం అయిపోయింది. మిగతా కాగితాలు ఎవరో చింపుకుపోయారు.

చంపింది కోడలే అన్నాను నేను. పాలు ఇచ్చేది ఆవిడేగా. అత్తయ్య డాక్టరన్నారు. "ఎత్తి దించిన మనిషి చంపదమ్మాయ్. చంపేదైతే మొదటి నెల్లోనే చంపేసేది. చాకిరీ చేసినాక చంపే ఓపిక ఎక్కడుంటది?" అనేవారు. ఏళ్లు గడిచినా ఆ తగువు చల్లారలేదు. కూర తరుగుతూ తరుగుతూ ఉన్నట్టుండి, "పాపం, వాళ్లింకా ఆ హాల్లోనే కూర్చున్నారు. కాఫీ అయినా ఇచ్చారో లేదో" అనేవారు. మావారు, ఎవరో చుట్టాల గురించి అనుకుని, "ఎవరికమ్మా?" అని అడిగేవారు.

తర్వాత ఆవిడకు పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది, చూపు మందగించింది. అప్పటినుంచి ఎత్తడం, దించడం, తుడవడం, తినిపించడం, మందులు ఇవ్వడం అన్నీ నేనే. పగలు పొలానికి కూలీలకు అన్నాలు పంపి, వచ్చి ఆవిడ మంచం పక్కన కూర్చుని నవల చదివి వినిపించేదాన్ని. చదువుతూ చదువుతూ నాకు కునుకు పట్టేది. "చదవకపోయినా ఫర్వాలేదు, కాసేపు నడుం వాల్చు. హంతకుడెక్కడికీ పోడు" అనేవారు ముద్దముద్దగా. పాలు తాగించేటప్పుడు గ్లాసులోకి చూసి, "ఏమన్నా కలిపావా?" అని నవ్వేవారు, నోరు ఒక పక్కకే వంగేది. నేనూ నవ్వేదాన్ని. నడుం నొప్పితో నవ్వడం ఎలాగో అప్పుడు నేర్చుకున్నాను.

ఆవిడ పోవడానికి కొద్దిరోజుల ముందు మావారు గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి వస్తూ, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఆ నవల కనిపించిందని పట్టుకొచ్చారు. అట్ట లేదు గానీ చివరి పేజీలు ఉన్నాయి. నేను పరుగున వెళ్లి, "అత్తయ్యా, ఇవాళ తేలిపోతుంది" అని మంచం మీద కూర్చుని తెరిచాను. ఆవిడ కుడిచేత్తో పుస్తకం మీద అరచెయ్యి ఆనించారు.

"వద్దు."

"అదేంటండీ? ఇన్నేళ్లు దీనికోసమేగా!"

"ఆ అమ్మాయే అని రాసుంటే నాకు బాధేసిద్ది. నేను పోయాక చదువుకో." పుస్తకాన్ని నా వైపు తోసి, "నువ్వు గెలిచినా నేను ఒప్పుకోనులే" అన్నారు.

చుట్టాలందరూ వెళ్లిపోయాక ఇల్లు ఖాళీ అయింది. మందుల వేళకు నా కాళ్లు వాటంతటవే ఆ గదిలోకి వెళుతున్నాయి. మంచం ఉంది, ఎత్తడానికి మనిషి లేదు. విశ్రాంతి తీసుకో అంటున్నారందరూ. అదెలా తీసుకోవాలో మర్చిపోయాను. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక, ఆ మంచం మీదే కూర్చుని చివరి పేజీలు చదివాను.

కోడలే. ఆస్తి కోసమట. డబ్బు మీద ఆశతోనే అన్నాళ్లు చాకిరీ చేసినట్టు నటించిందని ఇన్‌స్పెక్టరు పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు.

నేను గెలిచాను. చెప్పడానికి ఎవరూ లేరు. ఆ పేజీలు మళ్లీ చదివితే కోపం వచ్చింది. రాసినాయన ఎవరో గానీ, మంచాన పడ్డ మనిషిని ఒక్క రోజైనా ఎత్తి దించి ఉండడు. అదంతా నటించడానికి ఎవరికి ఓపిక ఉంటుంది? నా లెక్కలో అత్తయ్య చెప్పిందే సరి, పుస్తకమే తప్పు. ఈ మాట ఆవిడ బతికుండగా ఒప్పుకుని ఉంటే ఎంత సంబరపడేవారో అనుకుంటే ఏడుపు ఆగలేదు.

పూర్తి పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేసేశాను. చివరి పేజీలు లేనిదాన్ని ఆవిడ కళ్లజోడు పక్కన కిటికీలో పెట్టాను. అందులో ఇన్‌స్పెక్టరు ఇప్పుడే తలుపు వేశాడు. అందరూ హాల్లో కూర్చుని ఉన్నారు. ఆ కోడలు కూడా ఒక మూల కుర్చీలో, చాలా రోజుల తర్వాత, నడుం వెనక్కి ఆనించి కూర్చుంది. ఆమె వైపు ఇంకా ఎవరూ వేలు చూపించలేదు.