సైరన్ వేళకు తెరుచుకునే మెయిల్

చనిపోయిన మనిషి మా మెయిల్ తెరుస్తున్నాడని మొదట కనిపెట్టింది నేను కాదు, మాతో పనిచేసే మేడమ్. ఆమె తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం చేస్తూ ప్రేమ్ బజార్‌లో అద్దెకుంటోంది. బెంగాల్‌లోని ఈ ఖరగ్‌పూర్ తెలుగువాళ్లతో నేను నడిపే చిన్న రక్తదాతల సంఘానికి ఫేస్‌బుక్ పేజీ పెట్టిందీ, మెయిల్ ఏర్పాటు చేసిందీ ఆమే. ఎవరు ఏ నిమిషంలో తెరిచారో, ఎవరు ‘వస్తాను’ అనే ఎర్ర బటన్ నొక్కారో కంప్యూటర్ చూపిస్తుంది.

“అక్కా, ఈ సార్ పోయి మూడు నెలలైంది గదా? మరి నిన్న సైరన్ మోగే టైముకు మెయిల్ ఎట్ల ఓపెన్ చేసిండు?”

నా ఒళ్లు జలదరించింది. ఆయన రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు, ఇల్లు పూరీ గేట్ పేటలో. గుండెపోటుతో పోయాడు. బతికున్నప్పుడు సాయంత్రం పని ముగిసే సైరన్ మోగగానే వర్క్‌షాప్ గేటు దాటుతూ మా మెయిల్ తెరిచేవాడు. అందుకే నేనూ ఆ వేళకే పంపేదాన్ని. పోయాక వెళ్లిన మూడు మెయిళ్లూ సరిగ్గా ఆ నిమిషానికే తెరుచుకున్నాయి.

“ఒక్కోసారి మెషినే ఓపెన్ చేస్తదక్కా. పేరు తీసేద్దాం.”

మెషినే అనుకుందాం. జాబితాలో అంతమంది ఉండగా దానికి ఆయనొక్కడే దొరికాడా? పేరు తీయడానికి నాకు చేతులు రాలేదు. భయమే, దాచుకోవడమెందుకు!

అసలు బెంగ ఇంకొకటి. ఆయన పోయాక కూడా పేజీకి లైకులు తగ్గలేదు, మెయిల్ తెరిచేవాళ్లూ తగ్గలేదు. రక్తం ఇవ్వడానికి మాత్రం మనిషన్నవాడు రావడం లేదు. నేను రిటైరైన తెలుగు టీచర్ని. అచ్చుతప్పు లేకుండా అంత చక్కగా రాస్తుంటే కదలరే, వీళ్లవి గుండెలా బండరాళ్లా అని మేడమ్ మీద ఎగిరాను.

“మనం చూసినోళ్లను లెక్కపెడుతున్నమక్కా. వచ్చినోళ్లను లెక్కపెట్టాలె,” అంది ఆమె. నాకు ఒళ్లు మండింది.

ఆ నెలలోనే సుభాష్‌పల్లి పాప సంగతి వచ్చిపడింది. ఆరేళ్ల పిల్ల. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే నిలబడలేదు. ఎండాకాలం, ఆసుపత్రిలో నిల్వ అడుగంటింది. పాప ఫొటో పెట్టి సైరన్ వేళకు మెయిల్ పంపాను. చాలామంది తెరిచారు. ‘వస్తాను’ నొక్కింది ఒక్కరే.

ఆయన!

మేడమ్ ముఖం పాలిపోయింది. తెరవడమంటే మెషిన్ అనుకోవచ్చు, బటన్ నొక్కిందెవరు?

మర్నాడు పొద్దున్నే బ్లడ్ బ్యాంకుకు వెళ్లాను. వరుసగా ఖాళీ కుర్చీలు, పైన కిర్రుమంటూ ఫ్యాను. పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని తల్లి కూర్చుంది. పిల్ల పెదాలు తెల్లగా ఉన్నాయి. “ఎవరైనా వస్తామన్నారా టీచరమ్మా?” అంది. ఒకరు వస్తామన్నారని చెప్పాను. ఆ ఒక్కరెవరో చెప్పలేక తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిది దాటాక తలుపు తోసుకుని ఒకామె వచ్చింది. ఆయన భార్య. చేతిలో ఆయన ఫోను. వెనకే వర్క్‌షాప్ బట్టల్లో నలుగురు మగాళ్లు.

“బొత్తాం నానే నొక్కినానమ్మా,” అంది. “ఆయనదే నొక్కీవోడు, ఎరుపుది. నాను సదివింది బెంగాలీ, తెలుగు అచ్చరం రాదు. పాప బొమ్మ సూసి రగతం కోసమని పోల్చుకున్నాను. పొద్దున్నే గేటు కాడికి ఎల్లి ఈలకి సూపించినాను.”

“అదేమిటి, వీళ్లకు నా మెయిల్ రాలేదా?”

వాళ్లలో ఒకాయన తల గోక్కున్నాడు. “వొచ్చింది దీదీ. మాకు తెలుగు మాటే గానీ సదవడం ఏటొచ్చు? ఈవిడ పెనిమిటి, మా దాదాయే గేటు కాడ గట్టిగా సదివి ఇనిపించీవోడు.”

సిగ్గుతో చచ్చిపోయాను. అన్నాళ్లూ మనుషుల్ని తీసుకొచ్చింది నా తెలుగు కాదు, ఆయన నోరు.

నలుగురూ రక్తమిచ్చారు. మర్నాటికి పాపకు రక్తం ఎక్కింది.

ఆ రోజు వెళ్లబోతూ ఆమె ఫోను కొంగులో చుట్టుకుంటుంటే ఉండబట్టలేక అడిగాను. “పోయిన నెలల్లో వచ్చిన మెయిళ్లు కూడా నువ్వే తెరిచావా అమ్మా?”

“నేదమ్మా. ఆయన పోయినకాడ్నుంచి ఫోను పెట్టెలోనే ఉంది, సార్జి కూడా నేదు. మొన్ననే ఆయన బొమ్మ సూద్దామని తీసి సార్జి ఎట్టినాను. ఏటి, ఎందుకూ?”

దాచలేకపోయాను. చెప్పేశాను. ఆమె భయపడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అయితే ఆయన సదువుతున్నాడన్నమాట. సదివి, ఎవులికీ సెప్పలేక ఎంతలా కొట్టుకున్నాడో!”

ఇప్పుడు కబురు నా గొంతుతోనే రికార్డు చేసి పంపుతున్నాను. వచ్చినవాళ్లనే లెక్కపెడుతున్నాను. కానీ ఆయన ఒక్కరికి మాత్రం సైరన్ వేళకు అక్షరాల్లోనే రాస్తాను. ఆయనకు చదవడం వచ్చు కదా.